తోడు

ఉదయం ఏడున్నర. ఓర్హుస్‌లో ఇంకా చీకటే.
సైకిల్‌కి తాళం వేసిన చప్పుడు,
తర్వాత గ్లవుజు తీయని చెయ్యి ఒకటి
కౌంటర్ మీద తెల్ల డబ్బా పెడుతుంది.
మూత మీద చీటీ: నలభై ఒకటి.
"ఇవాళ బరువు బాగానే ఉంది" అంటాడు,
పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చినట్టు.

నేను తూస్తాను. నూట డెబ్బై గ్రాములు.
వాసన గురించే అడుగుతారందరూ, పెళ్ళి విందుల్లో కూడా.
మొదటి వారం ముక్కు మొరపెట్టుకుంది,
తర్వాత ఊరుకుంది.
ఉప్పునీళ్ళలో కలిపి, వడగట్టి, గ్లిజరాల్ పోసి
మైనస్ ఎనభైలో నిద్రపుచ్చుతాను
పేరు పెట్టని కోటానుకోట్ల ప్రాణుల్ని.

మంగళవారాలు నాలుగో అంతస్తులో సోల్వై ఉంటుంది.
చర్చి ఆర్గన్లకు శ్రుతి చేసే మనిషి.
ఆరేళ్ళుగా పెద్దపేగు నిండా పుళ్ళు.
ఏ చర్చిలో మరుగుదొడ్డి ఎటువైపో,
దేని గొళ్ళెం సరిగా పడదో
ఆవిడకి కంఠతా వచ్చు.
"రోజుకి పద్దెనిమిది సార్లు" అంది ఒకసారి,
ఎవరి వయసో చెబుతున్నట్టు.
స్టెరాయిడ్లకు ముఖం ఉబ్బింది. రక్తం ఆగలేదు.

"ఎవరతను? ఏం తింటాడు?
నాకీ మధ్య బీట్‌రూట్ మీదికి మనసు పోతోంది, అతనిదేనా?"
నేను చెప్పకూడదు.
కడుపులో పెట్టుకుంటాను.

మా అమ్మమ్మ కిటికీ గట్టు మీద పాలు తోడేసేది.
తోడు పాడైతే గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది నన్ను.
వాళ్ళకీ మాకూ మాటల్లేవు, కంచె దగ్గర తగాదా.
ఆ ఇంటావిడ తలుపు సగమే తెరిచి
చెంచాడు పోసి, మూసేసేది.

ఎనిమిదో వారం సోల్వై
పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా
ఒక్కసారీ నిచ్చెన దిగకుండా పైపులు సరిచేసింది.
అది చెప్తూ ఏడ్చింది.
సంగీతం ఊసే రాలేదు అందులో.

ఫిబ్రవరిలో నలభై ఒకటి ఉత్త చేతులతో వచ్చాడు.
ఉత్తరాలు పంచుతుంటే కుక్క కరిచిందట,
యాంటీబయాటిక్స్ వేసుకున్నాడట.
ఆరు నెలలు నువ్విక రాకూడదు అన్నాను.
పిక్క మీద కట్టు చూపించాడు,
సెలవుచీటీ చూపించే పిల్లాడిలా.
"లోపల ఇంకా ఎన్నున్నాయి?"
"పదకొండు."
"వాళ్ళకి సరిపోతాయా?"

వాళ్ళు అన్నాడు. ఎవరో తెలియదు, ఎందరో తెలియదు.
నాకు మాత్రం ఏం తెలుసు?
కొందరిలో పాదుకుంటుంది. కొందరిలో
నెల తిరక్కుండానే జారిపోతుంది.
డాక్టరు కూడా చూద్దాం అనే అంటుంది.

ఇవాళ మంగళవారం.
పదకొండింటిలో ఒకటి తీశాను.
పైన ఆవిడ ఎడమవైపుకి ఒత్తిగిలి పడుకుని ఉంటుంది.
ముప్ఫై ఏడు డిగ్రీల నీళ్ళలో ముంచి పట్టుకున్నాను.
థర్మామీటరు ఉంది. అయినా
వేలు పెట్టి చూశాను.
చురుక్కుమనకూడదు, చల్లగానూ ఉండకూడదు.
పాలకి అమ్మమ్మ చెప్పిన కొలత.