ఎండు బరువు

సోంపేట ఆసుపత్రిలో మంచం కంటే ముందు కాటా ఎక్కాలి.
అరవై ఒకటి ముప్పావు.
సిస్టరు ఆ అంకె పక్కనే
ఎప్పటికీ మారని ఇంకో అంకె రాస్తుంది: యాభై తొమ్మిది.
డ్రై వెయిట్ అంటుందామె.
ఎండు బరువు అంటాడు కూర్మారావు మామ,
కురిడీలు తూచే మనిషిలా.
మధ్యలో ఉన్నది నీళ్లు.
లాగడానికి నాలుగు గంటలు.

ఎడమ చెయ్యి మిషన్‌ది.
కుడి చెయ్యి ఖాళీ.
ఆ ఖాళీ చేతిలో నా ఫోను పెట్టాను.

ఆటలో ఒక ఓడ. ఇంజను చచ్చిపోయిన సరుకుల ఓడ,
శనిగ్రహం దాటి ఎటో కొట్టుకుపోతోంది.
లోపల ఒక్కడే మనిషి. బరువు లేదు.
అయస్కాంతం బూట్లు తొడుక్కుని
టక్కు... టక్కు...
ఒక కాలు ఊడబీకి, ఒక కాలు అంటించి,
ఊడ్పుల మడిలో దిగబడ్డవాడిలా నడుస్తాడు.
ఆరు నెలలుగా నేనూ అలాగే నడుస్తున్నాను,
ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకి పదకొండు నిమిషాలు.

మామ కాసేపు చూశాడు.
"ఏటిరా గుంటడా,
బరువే నేని సోట కాళ్లెందుకురా ఆడికి?"
బూట్ల బొమ్మ మీద బొటనవేలు పెట్టి నొక్కేశాడు.

మనిషి నేల వదిలాడు.
గొట్టాలు, మెట్లు, దీపాలు గిర్రున తిరగబడ్డాయి.
నాకు కడుపులో దేవింది.
మామకేం కాలేదు.

ఇరవై ఎనిమిదేళ్లు కవిటి తోటల్లో
రోజుకి నలభై చెట్లు.
కాళ్లకి బందం, నడుముకి కత్తి.
మొవ్వులో దూరి గెల చుట్టూ తిరిగేవాడికి
కిందేదో పైనేదో ఎందుకు?
"సెయ్యి పట్టుకున్నాకే సూపు.
సూసి పట్టుకుందారంటే పడిపోతావు."

ఫోనులో మనిషి కమ్మీ పట్టుకున్నాడు,
లాక్కున్నాడు, వదిలేశాడు.
పదకొండు నిమిషాల దారి
మూడు పట్లలో అయిపోయింది.

తిత్లీ వచ్చిన రాత్రి
ఆయనెక్కిన చెట్లన్నీ పడుకున్నాయి.
పొద్దున్న చూస్తే అరవై అడుగుల ఎత్తు నేల మీద పరిచి ఉంది.
ఎప్పుడూ ఆకాశంలో అందుకున్న మొవ్వుల మధ్య
మామ చెప్పుల్తో నడిచాడు,
అడుగు ఎక్కడెయ్యాలో తెలీక.
ఆ పై ఏడాది క్రియాటిను.
మా ఉద్దానంలో బడికెళ్లని ముసలమ్మలకి కూడా
తప్పు లేకుండా పలకడం వచ్చిన మాట.
ఇప్పుడు చెప్పులూ పట్టవు.
పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి
లేవడానికి ఆలోచిస్తుంది.

మూడో గంటలో, ఓడ అడుగున,
పగిలిన గొట్టంలోంచి నీళ్లు ఉండలుగా వచ్చాయి.
నిమ్మకాయంతవి, బోండాంకాయంతవి,
ఎవరికీ తొందర లేనట్టు తేలుతున్నాయి.
మామ వేలు ఆగిపోయింది.
"తాగడానికి బొత్తాం నేదా?"
"లేదు మామా."
రోజుకి మూడు గ్లాసుల మనిషి
పెదాలు తడుపుకున్నాడు.
"ఆడికీ లెక్కేనేటి, పాపం."

మిషను కూసింది. సూదులు తీశారు.
దిగీదిగ్గానే ఒళ్లు తూలింది.
నేను పట్టుకోబోతే వద్దన్నాడు.
మంచం కోడు, కిటికీ ఊచ, గుమ్మం చెక్క.
ప్రతిచోటా చెయ్యే ముందు వెళ్లింది,
ఒళ్లు దాని వెనక.
యాభై తొమ్మిది వంద, అంది కాటా.
"వంద ఎక్కువుంది" అంది సిస్టరు.
"ఉండనీయమ్మా" అన్నాడు.

ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు.
కంచిలి గేటు పడి ఉంది, గూడ్సు ఎంతకీ తెగట్లేదు.
"ఆ ఓడ ఎక్కడికెల్తాదిరా?"
"తెలీదు. నేనెప్పుడూ అంత దూరం పోలేదు."
వాచిన పాదాలు రెండూ ముందు సీటు కమ్మీ మీదకెక్కించి
కళ్లు మూసుకున్నాడు.
"సార్జీ ఎట్టి తే.
శుక్రారం సూద్దుం."