కర్చీఫులు

మిషిను అబద్ధమాడదని
గోడ మీద నీలి రంగుతోటి రాయించిండు మా ఓనరు.
దేవరకొండ బస్టాండు ఎనక, మెట్ల కింద
మా ల్యాబు.

నేనావత్ శాంత, ముప్పై నాలుగేండ్లు, డిపోల కండక్టరు.
టీఎస్‌హెచ్ పాతాళంల, టీఫోర్ ఆకాశంల.
కాయితం ప్రకారం
ఆమె చేతులు వణకాలె
గుండె ఉరకాలె
కూసున్న కాడ చెమటలు కారాలె.

ఆమె మాత్రం
పరీక్ష పైసలు చిల్లరే తెచ్చింది.
రూపాయి మీద రూపాయి పేర్చి
గోపురం కట్టి
ఒక్క వేలుతోటి నా దిక్కు జరిపింది.
ఒక్క బిళ్ల కదల్లే.

లచ్చయ్య యాదికొచ్చిండు.
గుండెబోయిన లచ్చయ్య, ఇంటిపేర్లనే గుండె ఉన్నోడు,
చింతపల్లి కాడ గొర్లు కాస్తడు.
పోయినేడు ఛాతీల మంటని వస్తే
ట్రోపోనిన్ ఎక్కువన్నది మిషిను.
మల్ల జేస్తే మల్ల అంతే,
గీత పెరగలే, తరగలే.
పదకొండు గొర్లమ్మి పట్నం పోయిండు.
నరంల తీగ దూర్చి చూసిన్రు,
వానకు కడిగిన తారు రోడ్డు లెక్క సాఫున్నది.
కిట్టుల వాడింది గొర్రె యాంటీబాడీ అట.
జీవాల నడుమ బతికిన రక్తం
దాన్ని గుర్తుపట్టి ముడేసుకున్నదట.
ఆ ముడిని
గుండెపోటని చదివింది మిషిను.
నేను చదివింది గూడ అదే.
ఏం పని జేస్తవే పెద్దాయనా అని
ఒక్కమాట అడగలే.

"గోలీలేమన్న మింగుతున్నవా అమ్మా?"
"ఏం లేవు సార్."
కొంచెం సేపాగి, నెత్తి మీది క్లిప్పు సవరించుకుంట,
"జుట్టు ఊడుతుందని మెడికల్ షాపు పిలగాడిచ్చిండు.
మందు కాదు సార్, విటమిను."
సంచిల నుంచి గులాబి డబ్బా.
బయోటిన్, పదివేల మైక్రోగ్రాములు.
దాని పక్కనే, ఇంక చింపని
థైరాయిడు గోలీల చీటీ, రేపట్నుంచి మొదలు.

ఎట్ల చెప్పాలె?
నీ బస్సే అనుకో శాంతమ్మా.
మిషిన్ల గిన్నెకు సీట్లుంటయ్,
హార్మోను ఎక్కి కూసుంటే అది తలలు లెక్కబెడ్తది.
నీ విటమిను, బస్సు ఆగకముందే
కిటికీలకెళ్లి అన్ని సీట్ల మీద
కర్చీఫులేసింది.
అసలోళ్లు నిలవడ్డరు, కడిగినప్పుడు కొట్టుకపోయిన్రు.
ఎవ్వరు లేరని రాసింది మిషిను.
ఇంకో పరీక్షల లెక్క ఉల్టా,
ఖాళీ ఎంత కనిపిస్తే
హార్మోను అంత ఉన్నట్టు.

ఆమె నవ్వింది.
"నేనైతే కర్చీఫుకు టికెట్ కొట్ట సార్,
మనిషిని చూసినంకనే కొడ్త."

డాక్టరుకు ఫోన్ జేసిన. చీటీ ఆపమన్నడు.
నాలుగు దినాలు గులాబి డబ్బా బందు.
అయిదో దినం పొద్దుగాల తీసిన రక్తంల
అన్నీ ఉండాల్సిన కాడనే ఉన్నయ్.
రెండో పరీక్ష పైసలెవరిస్తరన్నడు ఓనరు.
నా జీతంల రాస్కొమ్మన్న.
ఇప్పుడు ఫారం మీద వయసు పక్కన
పెన్నుతోటి రెండు ప్రశ్నలు రాస్తున్న:
ఏం పని? ఏం మింగుతున్నరు?

"మరి జుట్టెందుకు ఊడుతున్నట్టు సార్?"
బోరు నీళ్లా, పదకొండు గంటల డ్యూటీనా,
ఎండనా, ఇంకేమన్ననా.
నా దగ్గర దానికి కిట్టు లేదు.
ఆమె లేసిపోయినంక
బల్ల మీద ఒక పొడుగు ఎంటిక.

మల్లేపల్లి మీదికెళ్లి చింతపల్లి దాంక
ఆమె బస్సే పోతది.
ఎన్నడన్న లచ్చయ్య ఎక్కుతడేమో,
ఇప్పుడెన్ని గొర్లున్నయో అడగమందామనుకున్న.
నోరు రాలే.