జీరో టికెట్

నెల దినాల సెలవుల పదకొండో దినం
ఎవ్వలకు చెప్పకుంట ఇంట్లకెల్లి ఎల్లిన.

మొదటి వారమంత
నన్ను తిప్పుతున్నమనుకుంట నా పైసలను తిప్పిండ్రు.
తుఫాన్ బండి మాట్లాడి శ్రీశైలం, పద్నాలుగు మందిమి.
డీజిల్ నాది, గుండు మా చిన్నక్క మనుమనిది.
మల్లెలతీర్థం కాడ మెట్లు దిగబుద్ధి కాక
పైననే కూసున్న, అందరి చెప్పులకు కావలి.
"బహరైన్ల గిసొంటియి ఉంటయా అత్తా?"
అడిగిండ్రు, నేను నోరు తెరవకముందే
ఫోటో దిగ వొయిండ్రు.

ఆడ నాకు శుక్రవారం మాపటిజాము మూడు గంటలు.
సిలోను పిల్ల కుమారి, నేను
మున్నూరు ఫిల్సులు వెట్టి బస్సెక్కి
ఆఖరి స్టాపు దాంక పోయి
అదే బస్సుల మర్లి వొస్తుంటిమి.
సముద్రం కిటికీలకెల్లే. దిగితే ఆలిశమైతది.
తిరుగుడంటే ఏందో గట్ల ఎరుకైంది నాకు:
ఎవ్వలకు ఏమీ తేకుంట పోయొచ్చుడు.

మేడం నోట్లె నా పేరు తిరగలే.
ఈదమ్మ అంటే "ఈద్" అన్నది, నవ్వింది.
తొమ్మిదేండ్ల సంది ఆ ఇంట్ల నేను పండుగను.
పండుగ బాసండ్లు తోముతది.
పండుగ ముసలామెకు కాళ్లు ఒత్తుతది.
పండుగనాడు గూడ
పండుగకు సెలవు లేదు.

వంగూరు గేటు కాడ చెయ్యెత్తితే బస్సు ఆగింది.
కండక్టరమ్మ ఆధారు అడిగింది.
అండ్ల నాకు ముక్కుపుల్ల ఉన్నది, ఇప్పుడు లేదు.
కార్డు చూసి, మొకం చూసి
"ఏడుంటవమ్మా?" అన్నది.

గా ఒక్క మాటకు జవాబు దొరకలే.
కార్డు మీది ఊరి పేరు చదివి చెప్పిన,
ఎవలిదో ఊరు లెక్క.

మిషిను కిర్రుమన్నది.
వంగూరు గేటు నుంచి డిండి.
ఆడవాళ్లు ఒకరు. సున్న రూపాయలు.
"ఎంతమ్మా?" అంటనే ఉన్న నేను,
"ఏమిలేదు, పట్టుకో" అనుకుంట ముందుకు వొయింది.

బోరు ఏసినప్పుడు ఎంత, బాయి పూడినప్పుడు ఎంత,
తమ్ముని ఆటోకు ఎంత, ఆటో కిందవడ్డోనికి ఎంత...
పుట్టిన సంది నాకు
"ఏమిలేదు" అన్నోళ్లు లేరు.
ఏజెంటుకు లక్షా ముప్పై కడితే చీటీముక్క ఇయ్యలే.
సున్నకు ఇచ్చిండ్రు.

డిండి అలుగు దుంకుతలేదు. నీళ్లు సగానికి సగం.
కట్ట కాడ బొచ్చె ముక్కలు ఏంచే ఆమె
ఉల్లిగడ్డ, నిమ్మచెక్క వెట్టిచ్చి
నా వెనక ఎవలన్న ఉన్నరేమో చూసింది.
"ఒక్కదానివేనా? ఇంట్ల ఏమన్న లొల్లా?"
"లేదు, ఊకెనే వొచ్చిన."
"ఊకెనా?"
"ఊకెనే."
నమ్మలే. ఆడిమనిషి ఒక్కతి
నీళ్ల దిక్కు చూసుకుంట కూసుంటే ఎవలు నమ్ముతరు?
తన పిల్లగాన్ని తెచ్చి నా పక్కకు కూసోవెట్టింది.
వాడు చిన్న చిన్న రాళ్లు ఇసురుకుంట
మధ్య మధ్య నా కాళ్లు చూస్తున్నడు,
ఏడన్న లేస్తనేమోనని.
పరాయి పిల్లలకు తొమ్మిదేండ్లు కావలున్న.
ఇయ్యాల ఒక పరాయి పిల్లగాడు నాకు కావలి.
వానికి రెండు ముక్కలు వెట్టిన. ముండ్లు నేనే ఏరిన,
చేతులకు అలవాటు.

ఫోను మోగింది. ఇంటోళ్లనుకున్న, మేడం.
ముసలామె గోలీల డబ్బా ఏడ ఉన్నదట.
"ఫ్రిజ్జు మీద, ఎడమదిక్కు, అరటిపండ్ల ఎనక"
డిండి కట్ట మీదికెల్లి కండ్లు మూసుకొని చెప్పిన.
గా రాత్రి మా ఇంట్ల ఉప్పు డబ్బా దొరకక
మరదల్ని అడిగింది నేనే.

మర్లి వొచ్చేటప్పుడు ఇంకో సున్న.
రెండు టికెట్లు పాసుపోర్టుల మడిచి పెట్టిన.
ఆ కాయితం మీది అచ్చు నిలువదంట,
ఎండకు, చెమటకు తెల్లగైతదంట.

"యాడికి వొయినవ్ పొద్దంత?" అన్నది అక్క.
బ్యాంకుకు, అన్న.
బ్యాంకంటే మా ఇంట్ల
ఎవ్వలు మళ్ల అడుగరు.