పల్చని అడుగు

జనవరి చివరి వారం. ఓస్టర్‌సుండ్‌లో సూర్యుడు
తొమ్మిదింటికి బద్ధకంగా లేచి, మూడున్నరకే పక్క వేసుకుంటాడు.
నడిమి ఆ కాసింత వెలుతురులోనే నేను కార్లు అమ్మాలి.

ఆవిడ పేరు ఇంగెయార్డ్. అరవై మూడేళ్ళు.
ఆదివారానికి మూడు చర్చిలు, మూడు ఆర్గన్లు,
ఒక్కో చర్చికీ మధ్య నలభై కిలోమీటర్ల మంచు.
క్రిస్మస్ ముందు ఆదివారం పాత కారు
కొండ సగంలో చతికిలబడిందట.
ఆర్గన్ లేకుండానే పాడారట జనం,
తలా ఒక శ్రుతిలో.

"తమ్ముడు ఎత్తు బండి కొనమన్నాడు.
పాస్టరు డీజిలే మేలన్నాడు.
పక్కింటి బెంక్ట్, ఈ వయసులో నీకు స్పోర్ట్స్ కారెందుకన్నాడు.
నలుగురూ నాలుగు దిక్కులకు లాగితే
బండి కదిలేదెలా?
నాకు నేలకు దగ్గరగా ఉండే కారు చూపించు.
ఎత్తున కూర్చుంటే నాకు రోడ్డు వినపడదు."

నేను నా పాఠం మొదలుపెట్టాను.
మూడు వందల నలభై హార్స్‌పవరు, వేడెక్కే సీట్లు, వేడెక్కే స్టీరింగు,
ముందు చక్రం జారేలోపే
బలాన్ని వెనక్కి తోసే యంత్రం.
నీరసమైన ప్రసంగం వింటున్నట్టు
మర్యాదగా విన్నది.
తర్వాత సంచిలోంచి ఒక జత జోళ్ళు తీసింది.

నల్లవి. అడుగు కాగితమంత పల్చన.
మడమ మాత్రం రెండు వేళ్ళ ఎత్తు.
వాయించేటప్పుడు తొడుక్కునేవి.
ఆవిడ మంచు బూట్లు నా బల్ల కింద
మెల్లగా మడుగు కడుతున్నాయి.

ఇంజను వేయకుండానే
మొదటి కారు పెడల్ తొక్కి చూసింది. "మొద్దు."
రెండోది. "తొందరపాటు మనిషి."
మూడోదాంట్లో ఏమీ అనలేదు.
కళ్ళు మూసుకుని
ఎడమ కాలు ఊరికే ఆడిస్తూ కూర్చుంది చాలాసేపు.
తాళం చెవి నేనే ఇచ్చాను.

సరస్సు మీద మా వాళ్ళు మంచు చిమ్మి వేసిన చుట్టుబాట,
అటూ ఇటూ పాతిన స్ప్రూస్ కొమ్మలు.
సంతకం అయ్యేదాకా ఎవరికీ చెప్పని మాట
ఎందుకో అప్పుడే నోరు జారింది:
"నాలుగు చక్రాలూ కలిసి లాగడం వరకే, మేడమ్.
ఆపే పని టైర్లది.
టైర్లు బాగోకపోతే
ఎంత ఖరీదైన కారైనా జారుడుబల్లే."

ఆవిడ నవ్వింది.
"రాతి చర్చిలో పాదం తీసినా స్వరం పోదు, టోర్ని.
నాలుగు సెకన్లు గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది.
అది చల్లారేలోపు
తర్వాతి స్వరం ఎక్కడ వేయాలో
ముందే తెలిసుండాలి.
నలభై ఏళ్ళుగా మంచు మీదే వాయిస్తున్నాను నేను."

మలుపు ఇంకా అంత దూరాన ఉండగానే కాలు తీసేసింది.
మరిచిపోయిందేమో అనుకున్నాను.
కారు దూసుకుపోతోంది,
వెనక భాగం ఒక్కసారి అలా ఊగి,
పిలిస్తే వచ్చిన కుక్కలా
మళ్ళీ దారిలో పడింది.
తలుపు పిడిని రెండు చేతులా పట్టుకున్నానని
ఒడ్డుకు చేరాక గానీ తెలియలేదు.

అదే కారు కొన్నది. ఇంజను మాత్రం చిన్నది.
మిగిలిన డబ్బు మేకుల టైర్లకు.
రంగు అడిగితే, "ఏదుంటే అది" అంది.
నా కమిషన్ సగానికి సగం కరిగింది.
ఆ పల్చని జోళ్ళతోనే వెళ్ళిపోయింది,
బూట్లు నా బల్ల కిందే మరిచి.
ఫోన్ చేస్తే, ఏప్రిల్లో టైర్లు మార్పించడానికి వస్తాగా, అప్పుడిమ్మంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ
రైలు గేటు ఎర్రదీపం కనబడగానే
ఎప్పుడూ లేనిది, కాలు ముందే తీశాను.
ఒకటి.
రెండు.
మూడు.
కారు ఇంకా మోగుతూనే ఉంది.