నలభై ఏడు ఆయ్‌లు

సబ్జెక్టు పేరు టెక్నాలజీ ఎంట్రప్రెన్యూర్‌షిప్.
నోరు తిరగక లోవకుమారి దాన్ని "టెక్కు" అంటుంది.
మూడు క్రెడిట్లు. కాకినాడ క్యాంపస్‌లో బుధవారం మధ్యాహ్నం,
అన్నం తిన్న నిద్రమత్తులో
బోర్డు మీద మేడం మొదటి వాక్యం:
ముందు ఎదుటివాడి నొప్పి తెలుసుకోండి, తర్వాతే మీ వస్తువు.

మా దగ్గర నొప్పి లేదు, పెట్టె ఉంది.
అరచేతిలో పట్టే పెట్టె, ఎర్రదీపం, సిమ్ కార్డు.
రొయ్యల చెరువులో గాలి తగ్గితే ఫోను మోగుతుంది:
ఆక్సిజన్ రెండు పాయింట్ ఎనిమిది, ఏరేటర్ వెయ్యండి.
ఇస్మాయిల్ అతుకులు వేశాడు, కోడు నేను రాశాను,
లోవకుమారి పేరు పెట్టింది: ఊపిరి.

యాభై మందిని అడిగి రమ్మన్నారు.
యానాం బస్సెక్కి తాళ్లరేవులో దిగి
చెప్పులు చేత పట్టుకుని గట్లెంబడి నడిచాం.
"చెరువులో గాలెంతుందో ఇంట్లో పడుకునే తెలిస్తే బావుంటుందాండీ?"
"ఆయ్."
"నెలకి నాలుగొందలైతే కడతారాండీ?"
"ఆయ్."
ఒకాయన బొండాలు దింపించి, తాగించి మరీ అన్నాడు, ఆయ్.
యాభైలో నలభై ఏడు.
ఎక్సెల్ గళ్లలో ఆకుపచ్చ రంగు పోసి
తొంభై నాలుగు శాతం అని రాశాం.
మేడంది వరంగల్లు. క్లాసు చేత చప్పట్లు కొట్టించారు.

నేను ఈ నీళ్లు తాగే పెరిగాను.
నాకైనా తెలియొద్దూ
ఆయ్ అంటే అవునని కాదని!
ఆయ్ అంటే విన్నానని,
ఎండన పడొచ్చావు కాసేపు కూర్చోమని,
నీ మాట నేల రాలనివ్వనని.
చీటీల బాకీ అడగొచ్చినవాడితో కూడా
మా అమ్మ ఆయ్ అనే అంటుంది.

పెట్టె దించుకుంటానన్నది చివరికి ఒక్క తాతబ్బాయి.
చెరువు ఆయనది కాదు, కాపలా ఆయనది.
లీజుదారు రాజమండ్రిలో ఉంటాడు.
"చదువుకునే పిల్లలండీ, ఓ మూల పెట్టుకోనీండి"
అని ఆయనే ఫోన్లో బతిమాలాడు మా కోసం.

పదకొండు రోజులు బాగానే పలికింది.
పన్నెండో రాత్రి మూడింటికి నా ఫోన్లో
ఆరు పాయింట్ ఒకటి, అంతా క్షేమం.
వెంటనే తాతబ్బాయి ఫోను.
"అమ్మాయ్, మీదేవంటాంది?"
"బాగుందంటోందండీ."
"ఆయ్" అన్నాడు.
ఆ మాట వెనకాలే జనరేటర్ తాడు లాగిన చప్పుడు,
ఒకటొకటిగా లేచి నీళ్లని కొడుతున్న ఏరేటర్లు.

తెల్లారి వెళ్లి చూస్తే
సెన్సార్ మూతికి వేలిమందం నాచు.
రీడింగ్ అందకపోతే పాత అంకే మళ్లీ పంపమని
కోడులో రాసింది నేనే,
డెమో రోజు తెర ఖాళీగా కనబడకూడదని.
అంటే రాత్రంతా అది చెప్పింది నిన్న సాయంత్రం సంగతి.

"మీకెలా తెలిసిందండీ?"
"టార్చేత్తే గట్టువార ఎర్రగా కళ్లు.
ఎప్పుడూ ఒకటీ అరా ఉంటాయి.
రాత్రి ఊరంతా పైకొచ్చి నిలబడ్డారమ్మా."

అప్పుడడిగాను, జాబితాలో లేని ప్రశ్న.
మీకేం కష్టంగా ఉంటుందండీ ఇక్కడ?
చాలాసేపు ఆయ్ అనలేదు.
"గాలి సంగతి నాకు తెలుత్తాదమ్మా.
నిద్దరే. పంటకి నూరు రాత్రులు.
రెండు గంటలు ఒక్క ముక్కగా పడుకుంటే చాలు."

నిద్ర ఈయనది, నాలుగొందలు కట్టాల్సింది రాజమండ్రి.
ఈ రెంటినీ కలిపే గీత
మా నోట్సులో ఎక్కడా గీసి లేదు.

లోవకుమారి కొట్టుకెళ్లి పళ్ల బ్రష్షులు కొనుక్కొచ్చింది,
మూడూ కలిపి ముప్ఫై రూపాయలు.
గట్టు మీద గొంతుక్కూర్చుని నాచు తోముతుంటే
తాతబ్బాయి మేత బస్తాల మీద ఒరిగాడు.
ఇస్మాయిల్ ఏదో అనబోతే నోటి మీద వేలేసి ఆపాను.
తీగ నీళ్లలోకి దించి, ఒకరి తర్వాత ఒకరం
టార్చి లేని పగటిపూట, ఉత్త కళ్లతో చెరువు కాశాం.

ఆ రాత్రి హాస్టల్లో
ఆకుపచ్చ గళ్లన్నీ చెరిపేశాను.
కొత్త వరస ఒక్కటే:
పేరు తాతబ్బాయి.
నిద్ర రెండు గంటల పది నిమిషాలు.