ఆ తీర్పు బతికుందా?

సూళ్లూరుపేటలో చీకటితో ఎక్కిన మెమూ రైల్లో
కిటికీ పక్కన సీటు దొరికితే కాంట్రాక్టుల చట్టం,
దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడి నిన్నటి నోట్సు.
తడ దాటేలోపు ఒక సెక్షను,
గుమ్మిడిపూండి దాటేలోపు దాని మినహాయింపులు.
ఎన్నూరు గాలి ముక్కుకు తగిలేసరికి
రెండూ కలిసిపోయి
ఏది నియమమో ఏది మినహాయింపో తెలిసేది కాదు.

మూర్ మార్కెట్ దగ్గర పాత పుస్తకాల కొట్లో
నూట అరవైకి బేరమాడి కొన్న పుస్తకం.
నాకంటే ముందు చదివినవాడెవడో
ప్రతి వాక్యం కింద గీత గీశాడు, పచ్చ ఇంకుతో.
ముందుమాట కింద కూడా.
అచ్చువేసిన ప్రెస్సు చిరునామా కింద కూడా.
మొదట అతని మీద గౌరవం కలిగింది.
అక్టోబరు పరీక్షలో పదికి మూడొచ్చాక
నా పెన్సిలు వంక చూసుకున్నాను.
నేనూ అతని చెల్లెల్నే.

మొదటి మూట్ కోర్టులో నా వంతు నాలుగు నిమిషాలు.
నల్ల కోటు పేరరసిది, భుజాల దగ్గర వదులు.
యాభై ఎనిమిది నాటి తీర్పొకటి,
తడిసిన బియ్యం బస్తాల తగువు,
హెడ్‌నోట్ మాత్రమే చదివి
మొత్తం చదివినదాని గొంతుతో వినిపించాను.
జడ్జి కుర్చీలో కూర్చున్న ఫైనలియర్ అన్న
కళ్లజోడు తుడుచుకుంటూ, మెత్తగానే,
ఆ తీర్పు ఇంకా బతికుందా అని అడిగాడు.

తీర్పులు చచ్చిపోతాయని
నాకెవరూ చెప్పలేదు.

లైబ్రరీలో తణికాచలం గారు.
పేరు అరవం, ఇంటి మాట తెలుగు,
ఆ తెలుగు మా తెలుగు కాదు.
"దాని తర్వాత ఎవరు వస్తిరి?
వచ్చినోళ్లు దాన్ని ఏం చేస్తిరి?
అది చూడకుండానే కోర్టుకి పోతివా?"
నిచ్చెనెక్కి ఒక డైజెస్టు దించి
దుమ్ము నా మీదే దులిపి పోయాడు.

డెబ్బై ఒకటిలో ఎవరో దాన్ని మర్యాదగా దూరం పెట్టారు.
ఎనభై నాలుగులో ఐదుగురు కూర్చుని
ఒక్క పేరాలో పూడ్చేశారు.
నేను వెళ్లి
నలభై ఏళ్ల నాటి శవానికి మాటలు నేర్పాను.

ఆ ఆదివారం ఇంట్లో
అమ్మ ఎవరిదో జాకెట్టు కుట్లు విప్పుతోంది.
కొత్త మోడల్ వస్తే ఆమె నేర్చుకునేది అట్టాగే:
ముక్కలు వేరుచేసి, నేల మీద పరిచి,
ఏది దేనికి అతికిందో వేలితో తడిమి.
నేనూ పక్కనే కూర్చుని
అరవై ఒక్క పేజీల తీర్పు విప్పాను.
ఏం జరిగింది. ఏం అడిగారు. ఏం తేల్చారు. ఎందుకు.
నాలుగు ముక్కలూ కలిపి పేజీన్నర రాలేదు.
మిగతాదంతా లేసు,
చూడ్డానికి బాగుంటుంది, ఒళ్లు కప్పదు.
"ఏం మే, ఒక్కదానివే నవ్వుతుండావు,
చదవేస్తే ఉన్న మతి పోయిందా?" అంది,
నోట్లో పిన్నీసు తీయకుండానే.

ఫిబ్రవరిలో ఇంకో ప్రశ్న ఇచ్చారు.
ఒక ఫుట్‌నోటు ఇంకో ఫుట్‌నోటుకు పంపింది,
అది ఆ ర్యాకులో లేని సంపుటానికి పంపింది.
రెండుసార్లు ఆఖరి రైలు తప్పి
పేరరసి వాళ్ల వ్యాసర్‌పాడి ఇంట్లో పడుకున్నాను.
ఆరో రోజు సాయంత్రం ఒక పేరా,
పదకొండు వరుసలు.
తర్వాత వచ్చిన ప్రతి సంవత్సరమూ తిరగేశాను,
ఎవరూ దాని జోలికి పోలేదు.

కొండను తవ్వాను. ఎలుకే దొరికింది.
పర్లేదు,
ఎలుక బతికే ఉంది.

తిరుగు రైల్లో పచ్చ గీతల పుస్తకం తెరిచి
బియ్యం బస్తాల కేసు పక్కన, మార్జిన్లో,
"ఎనభై నాలుగులో పోయింది" అని రాశాను.
రేపు దీన్ని కొనబోయేవాళ్లు ఎవరో.
పొన్నేరిలో జనం ఎక్కారు.
పుస్తకం మూసి ఒళ్లోకి జరుపుకున్నాను.