సరుకు వివరాలు

దండాసి మావ దుకాణం తెర మీద తెరిస్తే
ముందు బాణసంచా పేలేది.
తర్వాత స్వాగతం అని ఎర్రక్షరాలు
కుడి నుంచి ఎడమకి పాకేవి.
పాకడం అయ్యేదాకా ఎవరుంటారు?
పర్లాకిమిడి బస్టాండులో ఆటో కూడా
అంతసేపు ఆగదు.

కొమ్ము దువ్వెన ఫోటో వెనక
ఎరువుల కంపెనీ కేలండరు,
దాని పక్కన సగం కనిపిస్తూ మావ లుంగీ.
పదకొండు రకాలకీ ఒకటే మాట:
ప్రపంచస్థాయి నాణ్యత.
పేల దువ్వెనకీ అదే, కొంగ బొమ్మకీ అదే.
బరంపురం కుర్రాడెవడో ఆరువేలు తీసుకుని
ఏ సబ్బుల వాళ్ల దగ్గర ఎత్తుకొచ్చాడో,
"మా గురించి" అన్న చోట
సువాసనతో కూడిన నురుగు
ఇంకా మిగిలే ఉంది.

నేను జీతానికి రాలేదు.
నా జుట్టుకి ఒక దువ్వెన, అంతే బేరం.

మొదటి రోజంతా తీసెయ్యడమే.
బాణసంచా తీసేశాను. పాకే అక్షరాలు తీసేశాను.
ఎవరో నవ్వే తెల్లమ్మాయిని పంపించేశాను.
"బోసిగా అయిపోనాదేటమ్మా" అన్నాడు
కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి.
కొమ్ముని ఆకురాయితో నువ్వు చేసేదేంటి మావా, అన్నాను.
కాసేపు మాటాడలేదు.
"తెలుపు మరీ ఎక్కువ, కళ్లు లాగేస్తన్నాయి.
గంజి రంగు ఎట్టు."

రెండో రోజు పొద్దున్న ఏడింటికి గుమ్మంలో
అమ్మ పాత బూడిదరంగు చీర పరిచి
ఒక్కొక్క దువ్వెననీ వెలుతురుకి అడ్డం పట్టాను.
నల్లగా ఉందనుకున్న కొమ్ములో
తేనె చార.
ఒకదాంట్లో పొగ.
ఒకదాంట్లో వేసవి మహేంద్రతనయ,
ఇసక మధ్య ఎటు పోవాలో తెలియని సన్నపాయ.
ఏ రెండూ ఒకలా లేవు.
తిరిగొచ్చిన పొట్లాలన్నిటి మీదా ఇదే కదా ఫిర్యాదు:
ఫోటోలోది కాదు, ఫోటోలోది కాదు.
నిజమే.
ఫోటోలోది ఎప్పుడో అమ్ముడైపోయింది.

ఇప్పుడు ఒక్కో దువ్వెనకి ఒక్కో పేజీ.
ఉన్నది: ఒకటి.

మాటలు మావ చెప్పాడు, నేను కొట్టాను.
నీళ్లలో నానబెట్టకండి, తాటాకులా వంకర తిరుగుతుంది.
తిరిగితే సెగ చూపించి చెక్క కింద నొక్కండి.
నెలకోసారి కొబ్బరినూనె.
మొదటి వారం తడిజుట్టులో వాసనొస్తుంది.
అది కొమ్ము వాసన. పోతుంది.
"వాసన సంగతి రాస్తే కొంతారేటి?"
"రాయకపోతే కొని, తిప్పి పంపుతారు."
సరే రాయ్, అన్నాడు.
వీధి మలుపు దాకా వెళ్లాక కేకేసి పిలిచాడు:
నాలుగో నంబరుకి మూడో పన్ను పిసరు పొట్టి,
అదీ రాసీ.

ధర దగ్గర మాత్రం మూడు రోజులు పోట్లాడాం.
ఫోన్ చేసి కనుక్కోమని ఉండేది అడుగున ఎక్కడో.
"ముందే చెప్పేస్తే బేరమెలగ?"
పేరు కిందే పెట్టాను. రెండు రోజులు టీ ఇవ్వలేదు.
నా బడి ఒడియా చూసి కుంతలత్త నవ్వి
ఆ పుస్తకం మాట కొట్టించి
పానియా అని రాయించింది.

ఎనిమిది రోజులు ఎవరూ రాలేదు.
తొమ్మిదో రాత్రి ఫోను గునిసింది.
నాలుగో నంబరు.
ఊరు, పాతపట్నం.

వంతెన దాటితే పాతపట్నం.
అక్కడ కుక్కర్ కూత ఇక్కడికి వినిపిస్తుందని మా అమ్మ వాదన.
తెర మాత్రం లెక్క కట్టింది:
వేరే రాష్ట్రం, ఏడు రోజులు, తొంభై రూపాయల రవాణా.
మావ ఆ తొంభై వంక చూసి
దువ్వెనని పాత పేపర్లో చుట్టి
సైకిలెక్కాడు.

అన్నం ఉడికేలోపు తిరిగొచ్చాడు.
తొంభై ఆవిడకే ఇచ్చేశాడట.
"కళ్లు మూసుకుని ముందు మూడో పన్నే తడిమిందమ్మా."
ఇంకేం చెప్పలేదు. కాళ్లు కడుక్కోడానికి వెళ్లాడు.

ట్రాకింగ్ నంబరు రాయాల్సిన గడి
ఖాళీగా వదిలితే ఒప్పుకోవడం లేదు,
ఎర్రగా వెలుగుతోంది.
సైకిలుకి నంబరుండదు.
రేపు ఆ గడి కూడా తీసెయ్యాలి.